మెదడు జబ్బుల వెంట ఊరూరా

అల్జైమర్స్, పార్కిన్సన్స్, హంటింగ్టన్స్, ఏ.ఎల్.ఎస్. వంటి జబ్బుల్లో నాడీకణాలు ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా నశిస్తూ పోతాయి. వీటిని కలిపి నాడీక్షయ వ్యాధులు అంటారు. వీటి మీద పనిచేసేవారిలో ఎక్కువమంది ప్రయోగశాలల్లోనే ఉంటారు. కొద్దిమంది మాత్రం జనం మధ్యకు వెళతారు. ఒకే జబ్బు ఒక ఊళ్ళో ఎక్కువగా, మరో ఊళ్ళో తక్కువగా ఎందుకుంటుంది, ఒక కుటుంబాన్ని నలభై ఐదేళ్ళకే పట్టుకున్నది మరో కుటుంబానికి ఎనభై ఏళ్ళదాకా ఎందుకు రాదు అని వెతకడమే వాళ్ళ వృత్తి. ఈ వృత్తికి రెండు పెద్ద కష్టాలున్నాయి. జబ్బు నడక చాలా నెమ్మది కాబట్టి, దాని వెంట వెళ్ళేవారికి సగం జీవితం ఖర్చవుతుంది. పైగా జ్ఞాపకశక్తిని కొలిచే పరీక్షలన్నీ చదువుకున్నవారిని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. చదువురాని ముసలివాళ్ళ ముందు పెడితే అవి ఏం కొలుస్తున్నాయో తెలియదు.

జనాలను పోల్చి చూస్తే ఎంత తేలుతుందో మొదట గట్టిగా చూపిన జబ్బు కూరు. పపువా న్యూగినీ తూర్పు కొండల్లో ఫోరే తెగవారిలో ఇది పుట్టింది. నడక తూలడంతో మొదలై, సాధారణంగా ఏడాదిలోగా మనిషిని తీసుకుపోయేది. 1957లో విన్సెంట్ జిగాస్, కార్ల్‌టన్ గైడుసెక్ దీన్ని వైద్యలోకానికి తెలియజేశారు. చనిపోతున్నవారిలో ఆడవాళ్ళు, పిల్లలే ఎక్కువ. కుటుంబాల్లో పాకుతోంది కాబట్టి వంశపారంపర్యమని మొదట అనుకున్నారు. షర్లీ లిండెన్‌బామ్, రాబర్ట్ గ్లాస్ అనే మానవశాస్త్రజ్ఞులు ఊరి పెద్దలను కూర్చోబెట్టి అడిగితే, తమ చిన్నతనంలో ఈ జబ్బు లేదనీ, ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరికి వచ్చిందనీ చెప్పుకొచ్చారు. జన్యుదోషం ఒక్కటే అంత తక్కువ కాలంలో అంతమందిని బలి తీసుకోలేదు. చనిపోయినవారి శరీరాన్ని బంధువులే తినే ఆచారంలో మెదడు ఆడవాళ్ళకూ పిల్లలకూ దక్కేది. జబ్బు నడిచిన దారి అదే. కూరు చింపాంజీలకు సోకుతుందని 1966లో ప్రకటించారు, 1976లో గైడుసెక్‌కు నోబెల్ వచ్చింది. అయితే ఈ వృత్తి స్వభావం తెలియాలంటే చూడవలసింది మైకేల్ ఆల్పర్స్ జీవితం. ఆస్ట్రేలియా నుంచి 1961లో ఫోరేల దగ్గరకు వచ్చిన ఈ యువ వైద్యుడు తన వృత్తి జీవితమంతా ఆ దేశంతోనే ముడివేసుకున్నాడు. 1977 నుంచి 2000 దాకా అక్కడి వైద్య పరిశోధన సంస్థకు సంచాలకుడిగా ఉన్నాడు. ఆచారం అరవైల నాటికే ఆగిపోయినా, 1996–2004 మధ్య మరో 11 మంది కొత్త రోగులు కనబడ్డారు. ఈ జబ్బు ఒంట్లో నాలుగైదు దశాబ్దాలు దాగి ఉండగలదని అలా తేలింది. మూడేళ్ళ ప్రాజెక్టు మీద వచ్చి వెళ్ళేవారికి ఆ సంగతి ఎప్పటికీ దొరికేది కాదు.

కూరు అరుదైన జబ్బు, పైగా చూడగానే గుర్తుపట్టవచ్చు. అల్జైమర్స్ అలా కాదు. పెద్దవాళ్ళు మరిచిపోవడం ఎక్కడైనా మామూలే. ఎంత మరుపు వయసుది, ఎంత మరుపు జబ్బుది అనే గీత ఎక్కడ గీయాలి? 1975లో వచ్చిన మినీ మెంటల్ స్టేట్ పరీక్ష ఈ గీత గీయడానికి ప్రపంచమంతా వాడిన సాధనం. దానికి మొత్తం 30 మార్కులు. తేదీ చెప్పాలి, వంద నుంచి ఏడు చొప్పున తీసివేస్తూ పోవాలి, కాగితం మీద ఉన్న ఆజ్ఞను చదివి ఆ ప్రకారం చేయాలి, ఒక వాక్యం రాయాలి, ఒకదాన్నొకటి కోసే రెండు పంచభుజాలను చూసి గీయాలి. పెన్సిలు ఎన్నడూ పట్టని రైతుకు ఇందులో కనీసం మూడు నాలుగు అంశాల్లో సున్నా తప్పదు. ఆ సున్నాలు మెదడువి కావు.

ఈ చిక్కును విప్పడానికే కొందరు తమ వృత్తిలో మంచి కాలాన్ని వెచ్చించారు. ఢిల్లీ దగ్గర హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో 55 ఏళ్ళు దాటిన 5,126 మందిని పరీక్షించిన భారత–అమెరికా బృందం అలాంటిది. వాళ్ళలో 73 శాతానికి పైగా నిరక్షరాస్యులు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న మానసిక వైద్యురాలు మేరీ గంగూలీ, విజయ్ చంద్ర తదితరులు పరీక్షను హిందీలోకి మార్చే ముందు ఒక్కొక్క ప్రశ్ననూ విప్పి చూశారు. కళ్ళు మూసుకోమన్న రాతను చదవమనే చోట, పరీక్షకుడు తన ముఖం చూసి తను చేసినట్టే చేయమని చెప్పి కళ్ళు మూసుకుంటాడు. వాక్యం రాయమనే చోట, మీ ఇంటి గురించి ఒక మాట చెప్పమంటాడు. ప్రతి మార్పుకూ ఒకే షరతు: మెదడులో ఏ పనిని మొదటి ప్రశ్న పరీక్షిస్తుందో, మార్చిన ప్రశ్న కూడా దాన్నే పరీక్షించాలి. హిందీ పరీక్ష 1995లో అచ్చయింది. అది చదివితే మామూలు ప్రశ్నల జాబితాలా ఉంటుంది గానీ, దాని వెనుక ఉన్న శ్రమ ఒక కొత్త యంత్రాన్ని తయారుచేయడానికి తక్కువేమీ కాదు.

తరువాత అదే పల్లెల్లో కొత్తగా ఎందరికి జబ్బు వస్తోందో చూశారు. అమెరికా జనాభా వయసుల ప్రకారం సరిచేసి లెక్కిస్తే, 65 ఏళ్ళు దాటినవారిలో వెయ్యిమందికి ఏడాదికి 4.7 అల్జైమర్స్ కేసులు తేలాయి. పెన్సిల్వేనియాలోని మొనాంగహీలా లోయలో ఇదే లెక్క 17.5. ఇంత తేడా నిజమైనదేనా? పల్లెల్లో జబ్బుపడ్డవారు త్వరగా చనిపోవడం కావచ్చు, జన్యువుల తేడా, తిండి, శారీరక శ్రమ కావచ్చు, కొడుకులూ కోడళ్ళూ పనులన్నీ చేసిపెట్టే ఇంట్లో పెద్దాయన చేతకానితనం బయటపడకపోవడమూ కావచ్చు. పరిశోధకులు వీటిలో ఏ ఒక్కదాన్నీ తేల్చి చెప్పలేదు. ఆ సంయమనం మెచ్చుకోదగ్గది.

చివరి కారణం ఎంత బలమైనదో మరో బృందం పనిలో తెలిసింది. 1998లో కొచ్చిలో జరిగిన సమావేశంలో బ్రిటన్ మానసిక వైద్యుడు మార్టిన్ ప్రిన్స్ ముందుండి ‘10/66’ అనే బృందాన్ని మొదలుపెట్టారు. డిమెన్షియా (అల్జైమర్స్ వంటి జబ్బుల్లో జ్ఞాపకం, ఆలోచనాశక్తి క్షీణించే స్థితి) ఉన్నవారిలో 66 శాతం పేద, మధ్యస్థాయి దేశాల్లో ఉంటే, జనం మధ్య చేసే పరిశోధనలో 10 శాతం కూడా అక్కడ జరగడం లేదన్నది ఆ పేరు వెనుక లెక్క. 2008లో వాళ్ళు ప్రకటించిన ఫలితాల్లో, అమెరికా మానసిక వైద్యుల ప్రమాణం ప్రకారం తమిళనాడులోని వేలూరు పల్లెల్లో 65 దాటినవారిలో డిమెన్షియా 0.3 శాతం మాత్రమే, క్యూబాలో 6.3 శాతం. బృందం స్వయంగా తయారుచేసుకున్న ప్రమాణంతో లెక్కిస్తే మాత్రం తాము చూసిన ఏ దేశంలోనూ 5.6 శాతానికి తగ్గలేదు. ఊరు అదే, మనుషులూ వాళ్ళే. అమెరికా ప్రమాణం ప్రకారం జ్ఞాపకం తగ్గడంతోపాటు రోజువారీ పనులు కుంటుపడ్డాయని ఇంటివాళ్ళు చెప్పాలి. ముసలితనంలో ఇదంతా మామూలే అనుకునే ఇంట్లో ఆ మాట ఎవరూ చెప్పరు. ఏ దేశంలోనైనా ఇంత తక్కువ, అంత ఎక్కువ అని పత్రికల్లో వచ్చే లెక్కలను ఈ సంగతి తెలిసి చదవాలి.

పోలికను అన్ని జాగ్రత్తలతో, అంత ఓపికగా చేసిన అధ్యయనాల్లో ఇబాదాన్–ఇండియానాపోలిస్‌ది మొదటి వరస. అల్జైమర్స్‌కు పూర్వీకుల నుంచి వచ్చే జన్యువులు ఎంత కారణం, బతుకు తీరు ఎంత కారణం అన్నది అక్కడి ప్రశ్న. నైజీరియా నగరం ఇబాదాన్‌లోని యోరుబాలు ఒకవైపు. పూర్వీకులు పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా రవాణా అయిన, అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో ఉండే ఆఫ్రికన్ అమెరికన్లు మరోవైపు. ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యూ హెండ్రీ, ఇబాదాన్ నాడీవైద్యుడు బెంజమిన్ ఒసుంటోకున్ దీనికి పునాది వేశారు. సరిగా వండని కర్రపెండలంలోని సయనైడు వల్ల కాళ్ళు, చూపు దెబ్బతినే జబ్బు మీద ఒసుంటోకున్ అంతకుముందే చాలా ఏళ్ళు పనిచేశారు. తిండికీ నాడులకూ ఉన్న సంబంధం ఆయనకు కొత్త కాదు. హెండ్రీ, కాథ్లీన్ హాల్ కెనడాలోని మానిటోబాలో క్రీ ఆదివాసుల కోసం తయారుచేసిన ప్రశ్నావళినే ఇక్కడికి తెచ్చి మలిచారు. అందులో రోగిని అడిగే ప్రశ్నలు సగమే. మిగతా సగం ఇంటివాళ్ళను అడిగేవి: ఈమధ్య ఏం మారింది, ఇదివరకు చేసే ఏ పని ఇప్పుడు చేయలేకపోతోంది అని. మనిషిని పక్క మనిషితో కాకుండా తన పాత రోజులతో పోల్చడం ఇందులోని కిటుకు.

ఇబాదాన్‌లో ఇడికాన్ పేటలోని పెద్దవాళ్ళలో చాలామందికి పుట్టిన తేదీ తెలియదు. వయసు తప్పితే ఈ జబ్బుల లెక్క అంతా తప్పుతుంది. అందుకని ఊరి చరిత్రలో అందరికీ గుర్తున్న సంఘటనలను వరసగా రాసుకుని, అప్పటికి మీరు ఎంత ఉన్నారు, పెళ్ళయిందా, పిల్లలున్నారా అని అడిగి వయసు కట్టారు. దివిసీమ ఉప్పెననో రజాకార్ల రోజులనో ఆనవాలుగా పెట్టుకుని మన పల్లెల్లో పెద్దవాళ్ళ వయసు చెప్పుకునే పద్ధతే అది. రెండేసి వేలమందికి పైగా మనుషులను రెండు ఖండాల్లో ఐదేళ్ళు వెంబడించాక 2001లో ఫలితం వచ్చింది. యోరుబాల్లో ఏడాదికి 1.35 శాతం మందికి కొత్తగా డిమెన్షియా వస్తే, ఇండియానాపోలిస్‌లో 3.24 శాతానికి వచ్చింది. అల్జైమర్స్ ఒక్కటే చూస్తే 1.15, 2.52. పూర్వీకులు దగ్గరివాళ్ళే, జబ్బు మాత్రం రెట్టింపుకు పైగా ఉంది. ఐరోపా జనాల్లో అల్జైమర్స్ ప్రమాదాన్ని పెంచే ఏపీఓఈ–4 అనే జన్యురూపం యోరుబాల్లోనూ బాగా ఉంది. అయినా తొలి విశ్లేషణల్లో అక్కడ దానికీ జబ్బుకూ సంబంధం కనబడలేదు. ఇంకా ఏళ్ళు గడిచి, లెక్కలోకి ఎక్కువమంది చేరాక, రెండు నకళ్ళూ ఉన్నవారిలో ప్రభావం తేలింది. ఒసుంటోకున్ 1995లో కన్నుమూశారు. ఆయన తరువాత అడెసోలా ఒగున్నియి ఇబాదాన్ పనిని నడిపించారు. ఒక తరం మొదలుపెట్టిన పనికి ఫలితం మరో తరం చేతికి రావడం ఈ రంగంలో మామూలు విషయం.

తెలుగు నేల ఈ చరిత్రలోకి హైదరాబాదు ద్వారా వచ్చింది. కెనడాలోని టొరాంటోలో ఎలెన్ బియలిస్టాక్ 2007లో ఒక పరిశీలన ప్రకటించారు: రెండు భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా లక్షణాలు సుమారు నాలుగేళ్ళు ఆలస్యంగా వస్తున్నాయి అని. అయితే అక్కడ రెండు భాషలు మాట్లాడేవారిలో ఎక్కువమంది వలస వచ్చినవాళ్ళు. దేశం దాటి బతికిన గట్టిదనమే కారణమేమో, చదువేమో అన్న అనుమానం మిగిలిపోయింది. ఆ అనుమానం తీర్చడానికి హైదరాబాదు కంటే మంచి చోటు దొరకడం కష్టం. ఇక్కడ ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ ఉర్దూ, ఆఫీసులో హిందీయో ఇంగ్లీషో మాట్లాడేవారు వలస రానక్కరలేదు, బడి ముఖం చూడనక్కరలేదు. కేంబ్రిడ్జిలో జాన్ హాడ్జెస్ బృందంతో పనిచేసిన నాడీవైద్యురాలు సువర్ణ అల్లాడి, నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలోని మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది రోగుల వివరాలను ఈ దృష్టితో పరిశీలించారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్, భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత ఆమెతో కలిసి పనిచేశారు. వైద్యులూ భాషావేత్తలూ ఒకచోట కూర్చోకపోతే అసలు ప్రశ్నే సరిగా పుట్టేది కాదు.

2013లో వచ్చిన ఫలితం ఇది: ఒకే భాష మాట్లాడేవారికి లక్షణాలు సగటున 61.1 ఏళ్ళకు మొదలైతే, రెండో భాష వచ్చినవారికి 65.6 ఏళ్ళకు మొదలయ్యాయి. నాలుగున్నరేళ్ళ తేడా. చదువురానివారిని విడిగా చూస్తే తేడా ఆరేళ్ళు. కాబట్టి చదువు వల్లనే అన్న వివరణ చాలదు. రెండు దాటి మూడో భాష వస్తే అదనంగా కలిసివచ్చింది మాత్రం ఏమీ లేదు. పక్షవాతం వచ్చిన 608 మందిని చూసిన మరో అధ్యయనంలో (2016), ఆలోచనాశక్తి దెబ్బతినకుండా బయటపడినవారు ఒక భాషవారిలో 20 శాతమైతే, రెండు భాషలవారిలో 40 శాతం దాకా ఉన్నారు. ఈ లెక్కలు ఆసుపత్రికి వచ్చినవారివి. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయన్నది ఇంటివాళ్ళ జ్ఞాపకం మీద ఆధారపడినది. జనం మధ్య ఏళ్ళ తరబడి చేసే అధ్యయనమే దీన్ని ఖాయం చేయాలి. అల్లాడి తరువాత బెంగళూరులోని నిమ్‌హాన్స్‌కు వెళ్ళారు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో ఒకే ప్రమాణంతో నడిచే పరీక్షల సంచయం తయారవడంలో ఆమె పాత్ర ముఖ్యమైనది. విజయవాడలో చూసిన రోగినీ కోల్‌కతాలో చూసిన రోగినీ ఒకే కొలతతో చూడటం అలాంటి సాధనంతోనే వీలవుతుంది.

జనాభా మొత్తాన్ని కాక కొన్ని కుటుంబాలనే పట్టుకుని సాగిన జీవితాలూ ఉన్నాయి. వెనిజులాలోని మరకైబో సరస్సు ఒడ్డు పల్లెల్లో హంటింగ్టన్స్ ఎక్కువగా ఉందని అక్కడి వైద్యుడు అమెరికో నెగ్రెట్ యాభైలలోనే రాశారు. తల్లిని అదే జబ్బుతో పోగొట్టుకున్న అమెరికా మనస్తత్వవేత్త నాన్సీ వెక్స్‌లర్ 1979 నుంచి ఏటా బృందాన్ని తీసుకువెళ్ళి వంశవృక్షాలు రాసి, నెత్తురు నమూనాలు సేకరించారు. 1983లో ఆ జన్యువు నాలుగో క్రోమోజోము మీద ఉందని తెలిసింది, 1993లో జన్యువే దొరికింది. తనకూ ఆ జబ్బు ఉందని ఆమె 2020లో బయటపెట్టారు.

కొలంబియాలో ఫ్రాన్సిస్కో లోపెరా కథ ఇంకా సుదీర్ఘం. ఎనభైలలో మెడెయిన్ నగరంలో నాడీవైద్యం నేర్చుకుంటున్న రోజుల్లో, నలభైల్లోనే జ్ఞాపకం పోయిన ఒక రైతు ఆయన దగ్గరకు వచ్చాడు. తండ్రికీ తాతకూ ఇలాగే అయిందన్నారు ఇంటివాళ్ళు. లోపెరా, నర్సు లూసియా మద్రిగాల్ అంతియోకియా కొండ ఊళ్ళలో చర్చి రికార్డులు తిరగేసి, వేర్వేరుగా అనిపించిన కుటుంబాలను ఒకే పూర్వీకుల దాకా కలిపారు. గెరిల్లాలకూ సైన్యానికీ పోరు నడుస్తున్న ప్రాంతమది. అయినా వెళ్ళడం మానలేదు. ప్రిసెనిలిన్–1 అనే జన్యువులోని ఒకే ఒక్క మార్పు కారణమని 1995లో తేలింది. ఆ మార్పు ఉన్నవారికి సగటున 44 ఏళ్ళకు మరుపు మొదలై, 49 ఏళ్ళకల్లా డిమెన్షియాగా మారుతుంది. ఎవరికి జబ్బు వస్తుందో ముందే తెలిసే కుటుంబాలు కాబట్టి, రాకముందే ఆపగల మందును పరీక్షించడానికి వీలుంటుంది. క్రెనెజుమాబ్ అనే మందుతో 252 మంది మీద సాగిన ప్రయోగం 2022లో ఆశించిన ఫలితం ఇవ్వలేదు. ఏళ్ళ తరబడి సూదులు వేయించుకున్న కుటుంబాలకు ఆ కబురు చెప్పవలసిన బాధ్యత కూడా పరిశోధకులదే.

ఆ కుటుంబాల్లోనే ఒక స్త్రీకి ప్రిసెనిలిన్ దోషం ఉండి కూడా డెబ్బై ఏళ్ళు వచ్చేదాకా మరుపు రాలేదు. ఆమెకు ఏపీఓఈ జన్యువులో క్రైస్ట్‌చర్చ్ అనే అరుదైన మార్పు రెండు నకళ్ళలోనూ ఉందని 2019లో ప్రకటించారు. అల్జైమర్స్‌లో మెదడులో పేరుకునే రెండు ప్రొటీన్లలో అమిలాయిడ్ ఆమెకు దండిగా ఉన్నా, టౌ మాత్రం తక్కువగా ఉంది. అల్జైమర్స్‌కు మందు వెతికేవారికి ఇది కొత్త దారి చూపింది. ఆ పరిశోధనలో ముఖ్యపాత్ర వహించిన యాకీల్ కిరోజ్ మెడెయిన్‌లో మనస్తత్వశాస్త్రం చదువుతూ లోపెరా బృందంలో చేరి, తరువాత బోస్టన్‌లో పీహెచ్‌డీ చేసి, అక్కడే పెద్ద ఆసుపత్రిలో పనిచేస్తూ అంతియోకియా కుటుంబాలను స్కానింగుల కోసం బోస్టన్‌కు రప్పిస్తున్నారు. లోపెరా 2024లో మరణించారు.

ఈ వృత్తిలోకి రావడానికి ఒకే దారి లేదు. వైద్యం నుంచి వచ్చేవారికి మన దేశంలో ఎంబీబీఎస్, ఎండీ, ఆపైన నాడీవైద్యంలో డీఎం పూర్తయ్యేసరికి పదకొండు పన్నెండేళ్ళు గడిచిపోతాయి; పరిశోధన నేర్చుకోవడం ఆ తరువాతే. మనస్తత్వశాస్త్రం, గణాంకశాస్త్రం, జన్యుశాస్త్రం, భాషాశాస్త్రం నుంచి పీహెచ్‌డీతో వచ్చేవారూ ఉంటారు. అసలు గండం ఆ తరువాత మొదలవుతుంది. హైదరాబాదు కేంద్రంగా నడిచే డీబీటీ–వెల్‌కం ఇండియా అలయన్స్ ఫెలోషిప్ ఐదేళ్ళది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పెద్ద గ్రాంట్లూ సాధారణంగా అంతే. ఐదేళ్ళలో ఊళ్ళు ఎంచుకుని, అనుమతులు తెచ్చుకుని, పరీక్షలు స్థానిక భాషలోకి మలిచి, ఒక విడత మనుషులను చూసేసరికి గడువు ముగుస్తుంది. ఎందరికి కొత్తగా జబ్బు వచ్చిందన్న అసలు ప్రశ్నకు జవాబు రెండో విడతలో, మూడో విడతలో గానీ రాదు. ఉద్యోగం ఖాయం కావాలంటే పత్రాలు ఇప్పుడే కావాలి. ఇది ఈ రంగంలోకి వచ్చే యువతను వెనక్కి లాగే నిజమైన అడ్డంకి. దీన్ని గ్రాంట్లు ఇచ్చేవారు తప్ప వేరెవరూ తొలగించలేరు.

ఆ అడ్డంకిని దీర్ఘకాలపు నిధితో దాటే ప్రయత్నం కర్ణాటకలో జరుగుతోంది. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన విజయలక్ష్మీ రవీంద్రనాథ్ సారథ్యంలో బెంగళూరులో ఏర్పడిన మెదడు పరిశోధన కేంద్రం, కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో 45 ఏళ్ళు దాటిన పదివేల మందిని ఏళ్ళ తరబడి వెంబడించాలని పూనుకుంది. ఆంధ్ర సరిహద్దున, మామిడి తోటల మధ్య ఉన్న ఈ ప్రాంతంలో కన్నడంతోపాటు తెలుగు కూడా ఇంటి భాషే. జబ్బు ఇంకా మొదలుకాని వయసులోనే పరీక్షలు, నెత్తురు నమూనాలు, స్కానింగులు మొదలుపెట్టడం దీని బలం. దేశం మొత్తానికి లెక్క తేల్చినది మరో అధ్యయనం. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఢిల్లీ ఎయిమ్స్ కలిసి పలు రాష్ట్రాల్లో చేసిన సర్వే, 60 దాటిన భారతీయుల్లో 7.4 శాతానికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అంచనా వేసింది.

ఊరిలో ఇంటింటికీ తిరిగి, ముసలావిడ పక్కన గంటసేపు కూర్చుని ప్రశ్నలు అడిగే క్షేత్ర కార్యకర్త మీదే ఈ లెక్కలన్నీ నిలబడి ఉన్నాయి. పత్రం అచ్చయినప్పుడు ఆమె పేరు చివరి కృతజ్ఞతల్లోనైనా ఉంటే గొప్పే. దేశాల మధ్య కూడా ఇదే వరస చాలాకాలం సాగింది: నమూనాలు దక్షిణాది దేశాలవి, యంత్రాలూ మొదటి రచయిత స్థానమూ ఉత్తరాదివి. విదేశీ సంస్థలతో కలిసి చేసే ఆరోగ్య పరిశోధనకు మన దేశంలో ప్రభుత్వ పరిశీలనా సంఘం అనుమతి తప్పనిసరి చేయడంలో ఈ అసమానతను అదుపు చేయాలన్న ఆలోచన కూడా ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో, డబ్లిన్‌లలో నడిచే గ్లోబల్ బ్రెయిన్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్ వేర్వేరు దేశాలవారికి శిక్షణ ఇచ్చి సొంత ఊళ్ళకు పంపుతోంది.

సొంత ఊళ్ళవాళ్ళే పరిశోధన నడిపితే ఏం దొరుకుతుందో పార్కిన్సన్స్ విషయంలో కనబడింది. జన్యు అధ్యయనాల్లో ఇంతకాలం నమోదైనవారిలో అత్యధికులు ఐరోపా సంతతివారు. 2023లో నైజీరియా రోగులు, ఆఫ్రికన్ సంతతివారు పెద్ద సంఖ్యలో పాల్గొన్న అధ్యయనంలో, జీబీఏ–1 జన్యువులో పార్కిన్సన్స్ ప్రమాదాన్ని పెంచే ఒక మార్పు బయటపడింది. ఆఫ్రికా సంతతిలో అది సాధారణం, ఐరోపావారిలో దాదాపు కనబడదు. ఐరోపా నమూనాలను ఇంకా లక్షల్లో చేర్చినా అది దొరికేది కాదు. ఆ పనికి ముందు నిలిచినవారిలో ఒకరైన న్జిడెకా ఒకుబడేజో లాగోస్ విశ్వవిద్యాలయంలో నాడీవైద్యురాలు. తను వైద్యం చేసే ఊళ్ళోనే రోగులను నమోదు చేస్తూ ఆమె ఆ పరిశోధన సాగించారు.